నెల లెక్క కుదిరింది, ఏడాది లెక్క తప్పింది: పనామా వెళ్లిన ఒక జంట కేసు

2023 మార్చిలో ఆ దంపతులు నా ఆఫీసుకి వచ్చినప్పుడు ఆయన జేబులోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీశారు. దాని మీద ఒకే అంకె ఉంది: 2,300. "నెలకి ఇన్ని డాలర్లతో మేమిద్దరం బతకగలిగే దేశం ఏదో చెప్పండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు.

నేను అమెరికాలో ఫీజు తీసుకుని రిటైర్మెంట్ ప్లాన్లు రాస్తుంటాను. బీమా పాలసీలు, ఫండ్లు అమ్మను. ఈ కేసు రాయడానికి ఆ ఇద్దరూ ఒప్పుకున్నారు. వాళ్లని గుర్తుపట్టే వివరాలు మార్చాను, మొత్తాలు కాస్త గుండ్రం చేశాను. నేను చేసిన పొరపాటు మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

ఆయన ఎలక్ట్రీషియన్, 1960 ఫిబ్రవరిలో పుట్టారు. మోకాళ్లు అరిగిపోయి నిచ్చెన ఎక్కలేని పరిస్థితి వచ్చాక పని మానేశారు. బీపీ ఉంది. ఆవిడ రెండేళ్లు చిన్న, ఒక దంతవైద్యశాలలో బిల్లింగ్ చూసేవారు. పిల్లలు లేరు. ఆవిడ తల్లి ఎనభై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటారు. ఆస్తి అంటే అప్పు తీరిపోయిన ఇల్లు, రిటైర్మెంట్ ఖాతాల్లో 2,10,000 డాలర్లు, బ్యాంకులో 28,000. ప్రపంచం చూడాలన్న సరదాతో వచ్చినవాళ్లు కాదు. ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ 65 ఏళ్లకి గానీ రాదు. అప్పటిదాకా సొంతంగా ఆరోగ్య బీమా కట్టుకుంటూ అదే ఊళ్లో ఉంటే పొదుపు కరిగిపోతుందన్న భయం వాళ్లది. నా దగ్గరికి ఈ మాట మీద వచ్చేవాళ్లలో 62, 65 మధ్య వయసువాళ్లే ఎక్కువ. కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

మొదటి ప్లాన్: పోర్చుగల్

అప్పట్లో అందరి నోటా పోర్చుగల్ పేరే. అక్కడి డీ7 వీసాకి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. పని చేయకుండా వచ్చే ఆదాయం అక్కడి కనీస వేతనానికి సమానంగా ఉంటే చాలు. 2023లో అది నెలకి 760 యూరోలు, భార్యకో భర్తకో మరో సగం కలపాలి. దానికి తోడు కొత్తగా వచ్చి స్థిరపడేవాళ్లకి పన్ను రాయితీ ఒకటి ఉండేది. విదేశీ పెన్షన్ మీద పదేళ్లపాటు 10 శాతం, అంతే. నేను రాసిన మొదటి ప్లాన్ ఆ రాయితీ మీదే నిలబడింది.

2023 అక్టోబర్‌లో అప్పటి ప్రధాని ఆంటోనియో కోస్టా ఆ రాయితీ తీసేస్తున్నామని ప్రకటించారు. 2024 జనవరి 1 నుంచి కొత్తవాళ్లకి తలుపు మూసేశారు. అప్పటికే అద్దె ఒప్పందమో వీసానో చేతిలో ఉన్నవాళ్లకి మాత్రం కొంత వెసులుబాటు ఇచ్చారు. మావాళ్ల చేతిలో రెండూ లేవు. ఇక మామూలు శ్లాబులే, పై శ్లాబు 48 శాతం. వీళ్ల ఆదాయానికి అంత పై శ్లాబు రాదు గానీ, ప్లాన్‌లో ఉన్న మిగులు మాత్రం పోయింది.

నిజం చెప్పాలంటే నాకు అంతకుముందు నుంచే ఇంకో గుబులు ఉంది. ఆదాయం డాలర్లలో, ఖర్చు యూరోల్లో. 2022 సెప్టెంబర్‌లో యూరో 96 సెంట్ల దాకా పడింది. 2023 జూలైకి 1.12 డాలర్లు దాటింది. ఒక్క ఏడాది తిరగకుండానే అదే ఇంటికి, అదే కూరగాయలకి ఆరో వంతు ఎక్కువ డాలర్లు కావాలి. పెద్ద పొదుపు ఉన్నవాళ్లు దీన్ని తట్టుకుంటారు. 2,300తో బతకాలనుకునేవాళ్లకి అది నెలకి 380 డాలర్ల పైమాటే.

మిగతా దేశాల సంగతి త్వరగా తేలిపోయింది. మలేషియా రిటైర్మెంట్ వీసాకి 2021లో ఆదాయ పరిమితిని నెలకి 10,000 రింగిట్ల నుంచి ఒక్కసారిగా 40,000కి పెంచారు. తర్వాత మళ్లీ మార్చారు. మన పెన్షన్ మారదు, వాళ్ల నిబంధన మారుతుంది. థాయ్‌లాండ్‌లో 50 దాటినవాళ్లు బ్యాంకులో 8,00,000 బాత్ చూపించాలి, లేదంటే నెలకి 65,000 బాత్ ఆదాయం చూపించాలి. 2024 నుంచి బయటి ఆదాయాన్ని ఆ దేశంలోకి తెచ్చుకుంటే పన్ను వేసే పద్ధతి కూడా వచ్చింది. కానీ థాయ్‌లాండ్‌ని పక్కన పెట్టింది ఆ లెక్కలు కాదు. "అమ్మకి ఏదైనా అయితే రెండు రోజుల ప్రయాణం నేను చేయలేను" అన్నారావిడ. ఆ మాటని నేను అప్పుడు దేశం ఎంపికకి మాత్రమే వాడుకున్నాను. బడ్జెట్‌లోకి తీసుకురాలేదు. దీని సంగతి తర్వాత చెప్తాను.

పనామా, ఒక తిరకాసు

పనామాలో 1904 నుంచి అమెరికా డాలరే చెలామణిలో ఉంది. బల్బోవా అనే సొంత కరెన్సీకి నాణేలే తప్ప నోట్లు లేవు. మారకం గొడవ లేదు. దేశం బయట సంపాదించిన ఆదాయం మీద అక్కడ పన్ను లేదు, కాబట్టి అమెరికా పెన్షన్ వాళ్ల లెక్కలోకి రాదు. అమెరికా పన్ను రిటర్న్ మాత్రం ఎక్కడున్నా వేయాల్సిందే. విదేశీ ఆదాయం మినహాయింపు ఉంది కదా అని చాలామంది అనుకుంటారు, అది కష్టపడి సంపాదించిన జీతానికే గానీ పెన్షన్‌కి వర్తించదు.

పెన్షన్ మీద బతికేవాళ్లకి అక్కడిచ్చే పెన్సియొనాడో వీసాకి నెలకి 1,000 డాలర్ల పెన్షన్, జీవిత భాగస్వామికి మరో 250 చూపిస్తే చాలు. వచ్చేది శాశ్వత నివాసం. 25 శాతం తగ్గింపుతో విమాన టికెట్లు, 20 శాతం తగ్గింపుతో స్పెషలిస్టు ఫీజులు లాంటివి ఉన్నాయి. ఇవన్నీ 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కులు.

ఇక తిరకాసు. బ్యాంకులో ఎంతున్నా ఈ వీసాకి పనికిరాదు. జీవితాంతం వచ్చే పెన్షన్ అయి ఉండాలి. అంటే ఆయన అమెరికా ప్రభుత్వ పెన్షన్ సోషల్ సెక్యూరిటీ మొదలుపెట్టి తీరాలి. ఆయనకి పూర్తి పెన్షన్ వచ్చే వయసు 67, అప్పుడైతే నెలకి 2,000 వస్తుంది. 64లో మొదలుపెడితే 20 శాతం కోత పడి 1,600. మూడేళ్లు ముందు తీసుకునే డబ్బు 57,600 డాలర్లు. 67 తర్వాత నెలకి 400 చొప్పున అది చెల్లిపోవడానికి పన్నెండేళ్లు పడుతుంది. 79 దాటి బతికితే ఆగినవాడిదే లాభం.

ఈ లెక్క అందరూ చేస్తారు. నేను ఆవిడ వైపు కూర్చుని చేసిన లెక్క వేరు. ఆయన పోతే, ఆవిడకి తన పెన్షన్ కాకుండా ఆయన పెన్షన్ వస్తుంది, ఏది ఎక్కువైతే అది. ఆయన 67 దాకా ఆగి ఉంటే 2,000. ముందే తీసుకుంటే, ఆయనకి వస్తున్న మొత్తమో, పూర్తి పెన్షన్‌లో 82.5 శాతమో, ఆ రెంటిలో పెద్దది. అంటే 1,650. నెలకి 350 డాలర్ల తేడా, అదీ ఇద్దరి ఆదాయం ఒకరిదిగా మారిన రోజున, ఆవిడ బతికున్నంత కాలం. ఇది చెప్పినప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "ఇక్కడే ఉండి ఆ మూడేళ్లు పొదుపు తినేస్తే మాత్రం నాకేం మిగులుతుంది?" అని ఆవిడే అడిగారు. నా దగ్గర అంతకంటే మంచి సమాధానం లేదు. 2024 మార్చి నుంచి ఆయన 1,600 తీసుకోవడం మొదలైంది.

అంతకుముందు ఆ జనవరి, ఫిబ్రవరిలో వాళ్లని ఆరు వారాలు అక్కడ ఉండి రమ్మన్నాను. హోటల్లో కాదు, అద్దె ఇంట్లో. చిరికీ రాష్ట్రంలో బొకెటే అనే కొండ ఊరు ఎంచుకున్నారు. 1,200 మీటర్ల ఎత్తు, చల్లగా ఉంటుంది. ఎండ కాస్తుండగానే పడే సన్నటి తుంపరని అక్కడ బజరేకే అంటారట. పెద్ద ఆసుపత్రులు కావాలంటే దాదాపు 40 కిలోమీటర్ల దూరంలోని డేవిడ్ నగరానికి దిగాలి. 2023 అక్టోబర్, నవంబర్‌లలో రాగి గని ఒప్పందానికి వ్యతిరేకంగా దేశమంతా రోడ్లు దిగ్బంధించినప్పుడు చిరికీకి పెట్రోలు, వంట గ్యాసు అందక జనం అల్లాడారు. నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆ ఒప్పందం రాజ్యాంగ విరుద్ధమని తేల్చాక గానీ అది చల్లబడలేదు. మావాళ్లు వెళ్లేసరికి అంతా మామూలే. కానీ ఇరుగుపొరుగు చెప్పింది విని ఆయన బీపీ మందులు మూడు నెలలవి ఎప్పుడూ ఇంట్లో ఉండేలా చూసుకుంటున్నారు. ఏ బ్రోషర్‌లోనూ దొరకని సంగతి ఇది. ఆరు వారాల ఖర్చుకి ఇదొక్కటే చాలనిపించింది.

ప్రయాణానికి ముందే పడిన గండి

మొదటి బడ్జెట్‌లో ఆదాయం ఇలా ఉంది: ఆయన పెన్షన్ 1,600, ఇల్లు అద్దెకిస్తే పన్నులూ బీమా మేనేజర్ ఫీజూ పోగా 650, ఆవిడ అక్కడి నుంచే పార్ట్‌టైమ్‌గా చేసే బిల్లింగ్ పని మీద 900. మొత్తం 3,150. రిటైర్మెంట్ ఖాతాని ముట్టుకోనక్కర్లేదు.

విమానం ఎక్కడానికి మూడు వారాల ముందు ఆవిడ పనిచేసే చోట కాదన్నారు. రోగుల వివరాలు దేశం బయట నుంచి తెరవకూడదని వాళ్ల నియమం. వాళ్ల తప్పేం లేదు, ఆరోగ్య సమాచారంతో పనిచేసే చాలా సంస్థల్లో ఇదే పద్ధతి. నోటిమాటగా మేనేజర్ 'పర్లేదు' అంటే ఆవిడ నమ్మారు, ఆవిడ చెప్తే నేను నమ్మాను. రాతపూర్వకంగా తీసుకోమని నేను పట్టుబట్టాల్సింది.

సొంతంగా ఫ్రీలాన్స్ చేస్తానన్నారు. అప్పుడు 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను పడుతుంది. విదేశీ ఆదాయ మినహాయింపు దీన్ని తగ్గించదు. ఈ పన్ను విషయంలో అమెరికాకి కొన్ని దేశాలతో ఒప్పందాలున్నాయి, పోర్చుగల్‌తో ఉంది, పనామాతో లేదు. పైగా పెన్సియొనాడో వీసా అక్కడ ఉద్యోగం చేసే హక్కు ఇవ్వదు. ఆ ఆలోచన వదిలేశాం. బదులుగా రిటైర్మెంట్ ఖాతా నుంచి నెలకి 500 తీయాలని నిర్ణయించాం. ఏడాదికి 6,000, అంటే మొత్తంలో 3 శాతం లోపే. కొత్త ఆదాయం 2,750.

2024 జూన్ చివర్లో వెళ్లిపోయారు.

మొదటి ఏడాది

నెల ఖర్చుకి నేను రాసింది 2,250: అద్దె 850, తిండి 550, కరెంటు, గ్యాసు, ఇంటర్నెట్, ఫోన్లు కలిపి 160, ఆరోగ్య బీమా, డాక్టరు 420, బస్సులూ టాక్సీలూ 120, చిల్లర 150. ఏడాది తర్వాత సగటు తీస్తే 2,310 వచ్చింది. అరవై డాలర్లే తేడా. ఇంత దగ్గరగా వస్తుందని నేనే అనుకోలేదు, ఆయన మెయిల్ చూసి కాస్త గర్వపడ్డాను కూడా.

కింద ఇంకో లైను ఉంది. నెలనెలా రాని ఖర్చులు. లాయరు, వీసా, నేరచరిత్ర లేదని చూపే ఎఫ్‌బీఐ రిపోర్టు, అది విదేశంలో చెల్లేలా వేయించే అపాస్టిల్ ముద్ర, ఇద్దరికీ కలిపి 2,900. ఇక్కడ అద్దెకిచ్చిన సొంతింట్లో ఇల్లు వెచ్చగా ఉంచే ఫర్నేసు పాడైతే కొత్తది 3,400. 2024 నవంబర్‌లో ఆవిడ తల్లి బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది. ఆవిడ రెండుసార్లు, ఆయన ఒకసారి వచ్చి వెళ్లారు. అప్పటికప్పుడు కొన్న టికెట్లు, ఇక్కడి ఖర్చులు కలిపి 3,100. మొత్తం 9,400. పన్నెండుతో భాగిస్తే నెలకి 783.

అంటే వాళ్ల అసలు నెల ఖర్చు 3,093. ఆదాయం 2,750. నెలకి 343 చొప్పున బ్యాంకులోని డబ్బు కరిగింది. నా ప్లాన్‌లో ఈ లైనుకి ఏడాదికి 3,000 రాశాను, అందులో సింహభాగం వీసాకే. అమ్మ గురించి ఆవిడ నాతో చెప్పారు, దేశాన్ని కూడా ఆ మాట మీదే ఎంచుకున్నాం. అయినా ఒక్క టికెట్ డబ్బు కూడా రాయలేదు. చవకగా బతికే దేశాల జాబితాలు ఇచ్చే అంకెలన్నీ నెల అంకెలే. వాటిని చూసీ చూసీ నాకు కూడా అదే అలవాటైపోయింది. ఇప్పుడు నా షీట్‌లో మొదటి పేజీ ఏడాది ఖర్చులదే, నెల ఖర్చులు రెండో పేజీలో ఉంటాయి.

ఇంకో చిన్న సంగతి. విదేశంలో ఉండి పెన్షన్ తీసుకునేవాళ్లకి సోషల్ సెక్యూరిటీ వాళ్లు ఏడాదికో రెండేళ్లకో ఒక ప్రశ్నావళి పోస్టులో పంపుతారు, బతికే ఉన్నారా, ఎక్కడున్నారు అని. నింపి పంపకపోతే పెన్షన్ ఆగిపోతుంది. పనామాలో ఇంటికి ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మ్యాన్ లేడు. అందుకే మయామీ చిరునామా ఇచ్చే ప్రైవేటు మెయిల్ సర్వీసు తీసుకున్నారు. నెలకి అయ్యేది చిన్న మొత్తమే, దాన్ని మాత్రం ఎప్పటికీ ఆపొద్దని చెప్పాను.

185 డాలర్ల మీద వాదన

2025 ఫిబ్రవరిలో ఆయనకి 65 నిండాయి. మెడికేర్‌లో ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఏ ఉచితం. డాక్టర్ల ఫీజులు చూసే పార్ట్ బీకి ఆ ఏడాది నెలకి 185. విదేశంలో చేయించుకున్న వైద్యానికి మెడికేర్ దాదాపుగా ఏమీ ఇవ్వదు. "వాడుకోని దానికి నెలకి నూట ఎనభై ఐదు కట్టమంటారా? ఇక్కడ ఆ డబ్బుతో డాక్టరుని నాలుగుసార్లు చూస్తాను" అన్నారాయన వీడియో కాల్‌లో.

ఆయన వాదన తీసిపారేసేది కాదు. అయిదేళ్లు కట్టకపోతే 11,100 మిగులుతుంది. ఆలస్యమైన ప్రతి పూర్తి ఏడాదికి 10 శాతం చొప్పున, తిరిగొచ్చాక జీవితాంతం 50 శాతం జరిమానా. 2025 రేటులో నెలకి 92.50. ఆ మిగులు జరిమానాకి ఖర్చయిపోవడానికి పదేళ్లు పడుతుంది. డబ్బు వరకే చూస్తే ఆయనే గెలుస్తారు.

నేను చూసింది క్యాలెండర్. గడువు దాటినవాళ్లు పార్ట్ బీలో చేరాలంటే ఏటా జనవరి నుంచి మార్చి దాకా మాత్రమే అవకాశం, కవరేజీ ఆ మరుసటి నెల నుంచి మొదలవుతుంది. జబ్బు చేసి ఏప్రిల్‌లో తిరిగొచ్చినవాడు వచ్చే జనవరి దాకా ఎదురుచూడాలి. విదేశం నుంచి తొందరగా తిరిగొచ్చేవాళ్లలో ఎక్కువమంది వచ్చేది జబ్బు చేసే, కనీసం నా దగ్గర చూసినంతవరకు. ఆసుపత్రిలో చేరితే పార్ట్ ఏ ఆదుకుంటుంది గానీ, డాక్టర్ల ఫీజులు, బయట చేసే పరీక్షలు, చికిత్సలు పార్ట్ బీ కిందివే.

దీనికి ఇంకో కొస ఉంది. పార్ట్ బీ మొదలైన ఆరు నెలల్లోపే, ఆరోగ్యం ఎలా ఉన్నా కాదనకుండా మెడిగ్యాప్, అంటే మెడికేర్ పోగా మిగిలే ఖర్చుకి తీసుకునే ప్రైవేటు పాలసీ, ఇస్తారు. విదేశంలో కూర్చుని పార్ట్ బీ కడితే ఆ ఆరు నెలలు ఊరికే గడిచిపోతాయి. ఆలస్యంగా చేరినవాడికి ఆ కిటికీ అప్పుడు తెరుచుకుంటుంది. అంటే జరిమానా తప్పించుకున్నవాడు ఈ హక్కు పోగొట్టుకోవచ్చు. ఏ దారిలో వెళ్లినా ఎక్కడో ఒక చిల్లు ఉంటుంది. బీపీ ఉన్న మనిషి కాబట్టి నేను పార్ట్ బీ కట్టమన్నాను, ఆయన సణుగుతూ కట్టారు. మెడిగ్యాప్ తీసుకోలేదు. తిరిగొస్తే ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్‌లో చేరే ప్రత్యేక గడువు ఒకటి ఉంటుంది, దాని మీద ఆధారపడ్డాం. 2026లో ప్రీమియం 202.90 అయ్యాక నాకు ఒక్క లైను మెయిల్ పంపారు: "మీ 185 ఎక్కడ?"

రెండో ఏడాది

పరిష్కారం ఆవిడే కనిపెట్టారు. తుంటి ఆపరేషన్ తర్వాత తల్లి కోలుకున్నారు గానీ చలికాలంలో ఒంటరిగా ఉండలేరు. పాత దంతవైద్యశాలలో కొత్త ఏడాది బీమా పాలసీలు మారే జనవరి నుంచి మార్చి దాకా పని ఎక్కువ. విదేశం నుంచి చేయొద్దన్న మనుషులే, ఆఫీసుకి వచ్చి చేస్తానంటే సంతోషంగా పిలిచారు. 2026లో పది వారాలు చేశారు, చేతికి వచ్చింది 6,500. తల్లి ఇంట్లోనే ఉన్నారు కాబట్టి అద్దె లేదు. ఆయన కూడా వచ్చి ఆ వారాల్లోనే ఏడాది పరీక్షలన్నీ చేయించుకున్నారు, అలా పార్ట్ బీ మొదటిసారి పనికొచ్చింది. ఆవిడ ఇంకా సోషల్ సెక్యూరిటీ మొదలుపెట్టలేదు కాబట్టి ఈ సంపాదన వల్ల పెన్షన్‌లో కోత గొడవ లేదు. మొదటి ఏడాది లోటు 4,100, ఈ సంపాదన దాన్ని పూడ్చి టికెట్లకి కూడా మిగిలింది.

బొకెటేలో వానలు తగ్గి వాతావరణం ఏడాదిలోకెల్లా బాగుండేది సరిగ్గా ఆ మూడు నెలలే. పక్కింటివాళ్లు చలి తప్పించుకోవడానికి అక్కడికి వస్తుంటే వీళ్లు మంచులోకి బయలుదేరుతున్నారు. దాని మీద ఆయన జోకులు అయిపోవు.

ఇక మిగిలింది ఇల్లు. దాన్ని అమ్మేసి వెళ్తామని 2023లో ఇద్దరూ పట్టుబట్టారు, నేనే ఆపాను. అమ్మకానికి ముందు అయిదేళ్లలో రెండేళ్లు సొంతంగా కాపురం ఉన్న ఇల్లయితే, దంపతులకి 5,00,000 డాలర్ల దాకా లాభం మీద పన్ను ఉండదు. అంటే ఖాళీ చేసిన రోజు నుంచి మూడేళ్ల గడువు ఉంది. 1,40,000కి కొన్న ఇల్లు ఇప్పుడు 3,30,000 పలుకుతోంది. 2027 జూన్ లోపు అమ్మితే ఆ 1,90,000 లాభం మీద పన్ను లేదు, అద్దెకిచ్చిన కాలానికి లెక్కలో చూపిన డిప్రిసియేషన్ (అరుగుదల) మీద తప్ప. గడువు దాటితే లాభమంతా పన్ను కిందకి వస్తుంది.

ఆయనకి అమ్మేయాలని ఉంది. ఫర్నేసు దెబ్బ ఇంకా మరిచిపోలేదు, ఆ డబ్బు పొదుపులో వేస్తే అద్దెకి సమానంగా తీసుకోవచ్చు, రాత్రిపూట అద్దెకున్నవాళ్ల ఫోన్లు ఉండవు. లెక్కలో నేను ఆయన వైపే. ఆవిడ మాత్రం ఒప్పుకోవడం లేదు. తల్లి పోయాక చలికాలంలో వచ్చి ఉండటానికి ఇల్లంటూ ఏది, ఆయన లేకపోతే 1,650తో ఆ కొండ మీద ఒక్కత్తినీ ఎందుకుంటాను అని అడుగుతున్నారు. అద్దెకున్నవాళ్ల ఒప్పందం 2027 ఏప్రిల్‌తో అయిపోతుంది. జనవరిలో ఆవిడ పనికి వచ్చినప్పుడు ముగ్గురం కూర్చుంటాం. ఈసారి రెండు షీట్లు తయారు చేస్తున్నాను, ఇద్దరూ ఉన్న లెక్క ఒకటి, ఆవిడ ఒక్కరే ఉన్న లెక్క ఒకటి. రెండోది ముందు చూపించమని ఆవిడ అడిగారు.